పాలు పొంగిన పొయ్యి

"ఎత్తిందా?"

"లేదాంటీ."

"మళ్ళీ చెయ్."

మళ్ళీ చేశాను. రింగవుతూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తట్లేదు. ఆంటీ కారు ఒక పెద్ద డెలివరీ వ్యాన్ వెనకాల ఇరుక్కుపోయింది. మామూలుగా ఆవిడ ముప్పై అని బోర్డున్న చోట ఇరవై ఎనిమిదిలో పోయే మనిషి. వెనకవాళ్ళు ఏం తిట్టుకున్నా పట్టించుకోదు. అలాంటిది ఆ ఆదివారం మధ్యాహ్నం హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఆంటీయే ఇలా అయిపోతే ఇంక నా సంగతేంటి?

ఒక చేత్తో నేను మా ఇంట్లో అద్దెకుండే పిల్లకి ఫోన్ చేస్తున్నాను. ఆంటీ ఫోన్ డాష్‌బోర్డు మీద స్పీకర్లో ఉంది. అందులోంచి గ్యాస్ ఎమర్జెన్సీ ఆవిడ మెల్లగా, ఒక్కో ముక్కా విడదీసి చెప్తోంది. ఇంట్లో ఎవరున్నా బయటికి రమ్మనండి, తలుపులు, కిటికీలు తెరవమనండి, మీరు మాత్రం లోపలికి వెళ్ళకండి అని. రమ్మనడానికి ఆ పిల్ల ఫోన్ ఎత్తితే కదా!

అరగంట ముందు దాకా నేను లండన్‌లోని హారోలో, ఆంటీ వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇంటి కాగితాలు ఫైల్లో పెట్టుకుంటున్నాను. ఆంటీది గుంటూరు. ఒక డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేసి మానేసింది. ఆవిడకి రెండిళ్ళు అద్దెకున్నాయి. నాది కాకినాడ దగ్గర, ఇంటర్‌లో ఆగిపోయిన చదువు. విమానాశ్రయం పక్కన క్యాంటీన్‌లో పని. మా ఆయన కార్గోలో. ఇద్దరం కలిసి హేస్‌లో రెండు బెడ్‌రూముల పాత ఇల్లొకటి కొని, మాస్టర్స్ చదువుకునే ఇద్దరు తెలుగమ్మాయిలకి అద్దెకిచ్చాం. మేం మాత్రం మా ఫ్లాట్‌లోనే ఉంటున్నాం. ఇల్లు అద్దెకివ్వడం నాకు అదే మొదలు. ఆంటీ ఏం చెబితే అదే వేదం.

ఆ కాగితాల మధ్యలో ఫోనొచ్చింది. ఆ ఇద్దరిలో చిన్నమ్మాయి.

"అక్కా, వంటింట్లో గోడకున్న తెల్ల డబ్బా ఒకటే అరుపు. చెవులు పోతున్నాయి."

"బ్యాటరీ అయిపోయుంటుందే. మా ఫ్లాట్‌లోదీ అంతే, ప్రాణం తీస్తుంది. వెనక మూత తీసి బ్యాటరీలు ఊడబెరికెయ్. నేను రేపొచ్చి కొత్తవి వేస్తా."

"సరే అక్కా. పొద్దుట్నించీ తలనొప్పిగా ఉంది, ఇది కూడా తోడైంది. కాసేపు పడుకుంటా."

"పడుకో తల్లీ, పడుకో."

నేనే అన్నాను. ఈ నోటితోనే అన్నాను. ఫోన్ పెట్టేసి, బిస్కెట్ టీలో ముంచుకుని మరీ తిన్నాను.

ఆంటీ కళ్ళద్దాలు తీసి నావైపు చూసింది. "ఒక్కో కూత కూసి ఆగుతోందా, వరసగా నాలుగేసి కూతలా?"

"ఏమో ఆంటీ. ఒకటే అరుపంది."

"బ్యాటరీ అయిపోతే నిమిషానికో కిచ్ అంటుందే పిచ్చిమొద్దూ! గుక్క తిప్పుకోకుండా అరిచిందంటే అది విషగ్యాస్ అలారం! తలనొప్పి అంది కదే!"

టీలూ కాగితాలూ అలాగే వదిలేసి ఇద్దరం కారెక్కాం.

మళ్ళీ కార్లోకి వస్తాను. ఆ దారంతా నాకు కనబడింది రోడ్డు కాదు. ఆ ఇంట్లో నా చేత్తో నేను చేసిన పనులు ఒకదాని వెనక ఒకటి కనబడుతున్నాయి.

ఆంటీ నాకు మొదటినుంచీ చెప్తూనే ఉంది. గ్యాస్ సర్టిఫికెట్ ఏడాదికోసారి చేయించు, దాని కాపీ వాళ్ళు దిగకముందే చేతికివ్వు. కరెంటు సర్టిఫికెట్ మర్చిపోకు. అడ్వాన్సు నీ బ్యాంకులో దాచుకోకు, ప్రభుత్వం చెప్పిన స్కీములో ముప్పై రోజుల్లోపల పెట్టెయ్. ప్రతి గది మూలమూలా ఫోటో తీయ్. ముందు చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళకు. ఇవన్నీ నేను తుచ తప్పకుండా చేశాను. చివర్లో ఒకటి చెప్పింది. "వాళ్ళకి అక్కవి కాబోకు. ఓనరుగా ఉండు. ప్రేమ ఎక్కువైతే నియమం తప్పుతావు." ఆ మాటకి నేను నవ్వాను. పరాయి దేశంలో ఇద్దరాడపిల్లలు సూట్‌కేసులతో గుమ్మంలో నిలబడితే అక్కని కాక ఇంకేమవుతాను?

వాళ్ళు దిగే ముందురోజు గ్యాస్ ఇంజనీర్ వచ్చి బాయిలరూ పొయ్యీ అన్నీ చూసి, మంట నీలంగా నిలబడిందని చూపించి, సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే నేను పాలు పొంగించాను. కొత్తింట్లో పాలు పొంగించకుండా ఎవరైనా కాపురం పెడతారా? మా ఫ్లాట్‌లో కరెంటు పొయ్యి. దాని మీద పాలు పొంగితే పొంగినట్టే ఉండదు. ఇక్కడ నిజం మంట దొరికిందని నాకు సంబరం. పెద్ద గిన్నె పెట్టాను. చిన్నమ్మాయి వాళ్ళ నాన్నగారిని వీడియో కాల్‌లో పెట్టింది. ఆయనకి రాజమండ్రిలో జిరాక్స్ షాపు. షాపులోంచే చూస్తున్నాడు.

"పొంగనివ్వమ్మా, పొంగనివ్వు, తూర్పుకి పొంగితే మంచిది!" అని అరుస్తున్నాడాయన. తూర్పెటో మాకెవరికీ తెలియదు. ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూసుకుని మరీ గిన్నె కాస్త ఒంచాం. లీటరు పాలల్లో సగం పొయ్యి మీదికి పోయాయి. మంట ఆరిపోయింది. చప్పట్లు కొట్టాం.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "మా పిల్లని పుట్టింట్లో దింపినట్టుందమ్మా. నువ్వున్నావు, ఇంక మాకు దిగుల్లేదు."

"మీరేం బెంగపడకండి బాబాయ్‌గారూ. నా చెల్లెల్లా చూసుకుంటా," అన్నాను. బాబాయ్ అని కూడా అనేశాను మొదటి రోజే. నా నోరు అంతే, ఆగదు.

తర్వాత పొయ్యి పైపైన తుడిచాను. మంట వచ్చే చోట ఉండే గుండ్రటి మూత తీసి కడిగి మళ్ళీ పెట్టాను. సరిగ్గా కూర్చుందో లేదో చూళ్ళేదు. లోపలికి దిగిన పాల సంగతి తట్టనే లేదు. వెలిగిస్తే మంట పసుప్పచ్చగా, కొంచెం ఊగుతూ వచ్చింది. "దీపంలా ఉందక్కా," అంది చిన్నమ్మాయి. నిజంగానే బాగుంది. పసుపు రంగు, శుభం అనుకున్నాను. ముందురోజు ఇంజనీర్ నీలం మంట వేలు పెట్టి చూపించిన సంగతి నాకు గుర్తు కూడా రాలేదు.

నెల పోయాక గిన్నెల అడుగులు నల్లగా మసి పడుతున్నాయని చిన్నమ్మాయి చెప్పింది. చింతపండేసి తోము అన్నాను. చలికాలం వచ్చాక వంటింటి గోడకున్న కన్నాల బిళ్ళలోంచి చల్లగాలి కొడుతోందక్కా, నిలబడలేకపోతున్నాం అంది. పాపం అనిపించింది. పార్శిల్ టేపు తీసుకెళ్ళి, బుడగల కవరు మడతపెట్టి, ఆ కన్నాలన్నీ మూసేసి వచ్చాను. ఎంత నీటుగా అతికించానంటే ఫోటో తీసి మా ఆయనకి పంపించాను. ఆయన చప్పట్ల బొమ్మ పెట్టాడు.

ఇంకొకటి. ఆదివారం వచ్చిందంటే చిన్నమ్మాయి వారానికి సరిపడా వంట చేస్తుంది. సాంబారు, కోడికూర, పులిహోరకి అన్నం, అన్నీ పెద్ద పెద్ద గిన్నెల్లో. పెద్దమ్మాయి వారాంతాల్లో సూపర్‌మార్కెట్‌లో పనికెళ్తుంది కాబట్టి ఈ పిల్లే వండాలి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కిటికీలు బిగించి, పొయ్యి ఆర్పకుండా. నాకు తెలుసు. డబ్బాల్లో సర్దిన ఫోటోలు పంపేది. మంచి పిల్ల అనుకునేదాన్ని.

కార్లో కూర్చుని ఇవన్నీ వరసగా గుర్తొస్తుంటే ఒళ్ళంతా చెమట పట్టింది. బయట చూస్తే చలి.

"ఆంటీ, నన్ను జైల్లో పెడతారా?"

"నోర్ముయ్. ముందు పిల్ల లేవనీ."

లేవనీ అంది. ఆ మాటకి నాకు ఏడుపు కూడా రాలేదు. మళ్ళీ ఆ పిల్ల నంబరు నొక్కాను.

ఇంటి ముందు కారు ఆగీ ఆగకముందే దిగి పరిగెత్తాను. కిటికీలన్నీ లోపల ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి. బెల్లు కొట్టాను. తలుపు బాదాను. నా దగ్గరున్న తాళంచెవి పెట్టి తిప్పితే తలుపు జానెడు తెరుచుకుని టక్కున ఆగిపోయింది. లోపల గొలుసు. ఒంటరి ఆడపిల్లలని ఆ గొలుసు కూడా నేనే బిగించాను.

ఆ సందులోంచి సాంబారు వాసన వచ్చింది. ఇంగువ, మునక్కాడ. అంతే. గ్యాస్ వాసన లేదు, పొగ వాసన లేదు. ఒక్క క్షణం ఏమీ లేదేమో అనుకున్నాను. వెనకనుంచి ఆంటీ గట్టిగా అరిచింది. "దానికి వాసనుండదే! పిల్లని పిలువు!"

సందులో మూతి పెట్టి పిలిచాను. ఏం పిలిచానో తెలీదు. చెల్లీ అన్నాను, అమ్మా అన్నాను, దాని పేరు పెట్టి అరిచాను. పక్కింటాయన బయటికొచ్చాడు. అప్పుడు మెట్ల మీద ఏదో కదిలింది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు కూర్చుంటూ దిగుతోంది.

"వచ్చేశారా అక్కా? రేపన్నారుగా. తల పగిలిపోతోంది. పులిహోర ఇంకా కలపలేదు..."

"పులిహోర తగలబడనీ, గొలుసు తీయ్!"

ఆ గొలుసు తీయాలంటే తలుపు ముందు పూర్తిగా మూయాలి. అది అందరికీ తెలిసిందే, నాకూ తెలుసు. కానీ ఆ క్షణంలో ఆ తలుపు నా చేత్తో ఆ పిల్ల మొహం మీద మూయాల్సి వచ్చింది. మూశాను. లోపల గొలుసు గలగలమంటోంది. రావట్లేదు. వేళ్ళు జారుతున్నట్టున్నాయి. మళ్ళీ గలగల. తర్వాత చప్పుడు లేదు. తలుపుకి చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు. పడిపోయింది, ఈ తలుపు మూసింది నేనే అనుకున్నాను. ఇన్నాళ్ళయినా ఆ కాసేపు నాకు కలలోకొస్తుంది. ఎంతసేపని అడిగితే ఆంటీ ఐదారు సెకన్లు ఉంటుందంటుంది. నాకు మాత్రం ఒక పగలంత గడిచింది.

టక్ మంది. తలుపు తెరుచుకుంది. నేనూ పక్కింటాయనా చెరో రెక్కా పట్టుకుని ఆ పిల్లని ఫుట్‌పాత్ మీదికి లాగేశాం. గోడవారన కూర్చోబెట్టాం. ఆంటీ తన కోటు తీసి కప్పింది. ఆ పిల్ల తల వంచుకుని కాలవ పక్కన వాంతి చేసుకుంది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను.

అంబులెన్సూ గ్యాస్ మనిషీ ఒకేసారి వచ్చారు. ఆక్సిజన్ మాస్కు పెట్టి పిల్లని తీసుకెళ్ళారు. ఆంటీని దానితో పంపించి, ఇంటి ఓనరుని కాబట్టి నేను ఉండిపోవాల్సి వచ్చింది. గ్యాస్ మనిషి మీటరు దగ్గర గ్యాస్ కట్టేసి, అన్నీ తెరిచి, చేతిలో ఒక యంత్రం పట్టుకుని తిరిగాడు. చాలాసేపటికి నన్ను లోపలికి రమ్మన్నాడు. యాభై దాటినవాడు, మెత్తటి మనిషి. మనం అమ్మా అన్నట్టు ప్రతి మాటకీ లవ్ అంటాడు. పొయ్యి మీద పెద్ద మంట మూత ఎత్తి చూపించాడు. కింద కన్నాల నిండా గోధుమ రంగు అట్ట. పక్కనున్న మంటలోకి కూడా పాకింది.

"ఇదేంటి లవ్?"

"పాలు."

"పొంగిపోయాయా? అందరికీ జరిగేదే."

"లేదు. కావాలనే పొంగించాను."

ఆయన మూత పక్కన పెట్టాడు. "కావాలనా?"

"ఇంట్లోవాళ్ళకి మంచి జరగాలని."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మంటకి గాలి సరిగ్గా అందకపోతే పసుప్పచ్చగా మండుతుందని, అలా మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషం పుడుతుందని, గిన్నెల మసి దాని గుర్తేనని చెప్పాడు. మరి అది బయటికి పోయే దారేది అని గోడవైపు తిరిగాడు. నా టేపు చూశాడు. గోరుతో ఒక అంచు ఊడదీశాడు.

"ఇది అమ్మాయిలు వేశారా?"

వాళ్ళు వేశారని అనేయొచ్చు. ఎవరికీ తెలీదు. అబద్ధం నాలిక చివరదాకా వచ్చింది, దాచడమెందుకు. "నేనే," అన్నాను. ఆయన రాసుకున్నాడు. వాడకూడదని ఎర్ర చీటీ ఒకటి పొయ్యికి కట్టాడు. వెళ్తూ వెళ్తూ, డ్రాయర్లో బ్యాటరీలు లేకుండా పడున్న ఆ తెల్ల డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. "దీన్ని మాత్రం ఎప్పుడూ నోరు మూయించకు లవ్."

కొత్తగా ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. సర్టిఫికెట్ వచ్చిందంటే ఆ రోజుకి బాగుందని మాత్రమే అర్థం. నాది మర్నాడే చెల్లకుండా పోయింది. మంట రంగు మారిందన్నా, గిన్నె నల్లబడిందన్నా చిట్కా చెప్పకండి, మనిషిని పిలవండి. గోడ కన్నాలు ఊరికే పెట్టరు, ముట్టుకోకండి. పిల్లలకి చలేస్తుంటే దుప్పటి కొనివ్వండి. పాలు పొంగించుకోవాలంటే చిన్న గిన్నెలో, కళ్ళముందే, బయట పెట్టుకోండి. దేవుడేమీ అనుకోడు.

ఆస్పత్రికి వెళ్ళేసరికి పెద్దమ్మాయి పని దగ్గర్నుంచి యూనిఫాంతోనే వచ్చేసి ఉంది. నన్ను చూడగానే లేచింది.

"బ్యాటరీలు తీసెయ్యమంది మీరే కదా అక్కా?"

"అవునే."

"దానికేమైనా అయ్యుంటే? నేను సాయంత్రం వచ్చి చూసేదాన్ని. నేనే చూడాల్సి వచ్చేది!"

క్షమించమన్నాను. అది వినకుండా కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆంటీ కూడా నా తరఫున మాట్లాడలేదు. అదే మంచిదైంది.

చిన్నమ్మాయి మాస్కు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. రక్తం తీసి చూశారు, సమయానికి బయటికొచ్చింది, ఈ రాత్రికి ఉంచి పొద్దున్న మళ్ళీ చూస్తామన్నారు. నేను దాని కాళ్ళ దగ్గర కూర్చున్నానో లేదో దాని ఫోన్ మోగింది. నాన్న. మాస్కు పక్కకి లాగి, కెమెరా ఆపేసి మాట్లాడింది. తలనొప్పి నాన్నా, అక్క వాళ్ళింట్లో ఉన్నా, రేపు చేస్తా.

ఫోన్లోంచి ఆయన గొంతు నాకూ వినిపిస్తోంది. "అక్క ఉందిగా పక్కన. ఇంక నాకెందుకు భయం. ఆవిడకి నా నమస్కారం చెప్పు."

ఆ మాటతో నాకు పొద్దుట్నించీ లేని భయం పట్టుకుంది. తలుపు దగ్గర కూడా అంత భయపడలేదు. పిల్ల బతికింది. కానీ ఆయన రేపు కూడా, ఎల్లుండి కూడా నన్నే నమ్ముకుని నిద్రపోతాడు.

"నేను చెప్పేస్తానే మీ నాన్నగారికి," అన్నాను.

"వద్దక్కా! టికెట్ తీసి వెనక్కి రమ్మంటారు. నా చదువు?"

"చెప్పకపోతే నేను నీ మొహం చూడలేను."

మాస్కు మళ్ళీ ముక్కుకి పెట్టుకుని గాలి పీల్చుకుంది. తర్వాత అంది. "పొద్దున్న రిపోర్టు బాగుంటేనే చెప్పండి. నేనిక్కడే ఉండి చదువుకుంటానని కూడా చెప్పండి. ఏడవకుండా చెప్పండి. మీరు ఏడిస్తే మా నాన్న హడలిపోతారు."

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి దాని మెసేజ్ వచ్చింది. రెండోసారి రక్తం చూశారు, బాగుంది, మధ్యాహ్నం పంపించేస్తారట, ఇక్కడ ఇచ్చిన టోస్టు మాత్రం నోట్లో పెట్టలేకపోతోందట. మా ఆయన షిఫ్టు నుంచి అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నాడు. పక్కన కూర్చోనా అన్నాడు. వద్దన్నాను. వంటింట్లోకెళ్ళి తలుపేసుకుని నిలబడే ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం పన్నెండు. జిరాక్స్ మెషీన్ చప్పుడు వినిపిస్తోంది.

"చెప్పమ్మా, ఎలా ఉన్నావు?" అన్నాడాయన.

"బాబాయ్‌గారూ, మీ అమ్మాయి బాగుంది. డాక్టర్లు చూసి చెప్పారు, బాగుంది. ముందు ఆ మాట వినండి. ఇప్పుడు నేను చేసిన పనులు చెప్తాను. ఆ మెషీన్ ఒకసారి ఆపి, కూర్చోండి. నేను మొత్తం చెప్పేదాకా ఫోన్ పెట్టేయకండి."

మెషీన్ చప్పుడు ఆగింది. కుర్చీ లాగిన చప్పుడు వినబడింది. మొదలుపెట్టాను.